పచ్చ తీగ

“పాతబండ్లు కొనే భూపాల్ అన్నకు చెప్పిన. ఇయ్యాల పగటీలి వస్తడు, ట్రాలీల ఎక్కించుకొని పోతడు. ఇగ ఆ స్కూటర్ గురించి ఈ ఇంట్ల మాట లేదు.”

కౌండిన్య చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడే అన్నాడు. అహల్య చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

“నీకే చెప్తున్న అమ్మా.”

“వింటున్న.”

“వింటె సరిపోదు. వాళ్లు తీస్కపోయేటప్పుడు బాపు లొల్లి చేస్తడు. నువ్వే నచ్చజెప్పాలె.”

“ఏమని నచ్చజెప్పాలె? నువ్వే చెప్పు, గదే చెప్త.”

కౌండిన్య దగ్గర ఉన్నది కోపం ఒకటే. అదీ ఎవరి మీద చూపాలో తెలియని కోపం. అలాంటి కోపం చివరికి తల్లి దగ్గరికే చేరుతుంది.

“లారీ కింద పడినంక నచ్చజెప్పుదామంటవా?” అన్నాడు.

చేటలో అహల్య చెయ్యి ఆగింది. లోపలి గదిలో బట్టలు మడతపెడుతున్న కోడలు మనీష, “జర మెల్లగ మాట్లాడుండ్రి, మామయ్య బయటనే ఉన్నడు” అంది.

బయటనే ఉన్నాడు. పోయిన వారం నుంచీ అనంతరామ్ ఉండేది అక్కడే. సెంటినరీ కాలనీలోని ఆ బొగ్గు కంపెనీ క్వార్టరు ముందు, బాదం చెట్టు నీడలో, తన పాత గేర్ల స్కూటరు పక్కన.

ఆయన బొగ్గుబాయిలో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయన దిగిన బాయి మూతపడి కూడా చాలా కాలమైంది. అయినా పది రోజుల కింద తెల్లవారకముందే లేచి, బాయి టోపీ పెట్టుకుని, ఖాళీ టిఫిన్ డబ్బా స్కూటరుకు తగిలించుకుని మొదటి షిఫ్టుకు బయల్దేరాడు. గోదావరిఖని దాకా బొగ్గు లారీలకు ఎదురుగా, రోడ్డుకు తప్పు పక్కనే నడిపాడట. బాయి తుప్పుపట్టిన గేటు దగ్గరి కాపలాదారు ఫోను చేసేదాకా ఇంట్లో ఎవరి ప్రాణం వాళ్ల దగ్గర లేదు. తీసుకురావడానికి పోయిన కొడుకును చూసి ఆయన అడిగింది ఒకటే మాట. “గేటు ఇంక తియ్యలేదేంది?”

డాక్టరు ఆ జబ్బుకు ఒక పేరు చెప్పాడు. ఆ పేరు ఈ ఇంట్లో ఎవరూ పలకరు.

మర్నాడు కౌండిన్య తాళంచెవి దాచాడు. పెద్దాయన కాలినడకన పోయాడు. ఓపెన్‌కాస్టు గని రోడ్డు మీద దుమ్ములో కూర్చుని దొరికాడు. తాళంచెవి మళ్లీ గోడకు తగిలించక తప్పలేదు. ఆ మరుసటి పొద్దున మాత్రం విచిత్రంగా స్కూటరే మొరాయించింది. ఎన్ని కిక్కులు కొట్టినా ఉలుకూ పలుకూ లేదు. “దేవుడే ఆపిండు” అనుకున్నాడు కౌండిన్య.

ఆనాటి నుంచి అనంతరామ్ ఎటూ పోలేదు. పొద్దున లేస్తే స్కూటరు బాగుచెయ్యడమే. పొద్దుగూకేదాకా అదే పని. మళ్లీ పొద్దున కొత్తగా అదే మొదలు.

“రోజు గట్ల కూసొని కూసొని ఒకనాడు నిజంగనే స్టార్టు చేస్తడు. గప్పుడేం జేస్తవ్?” అన్నాడు కౌండిన్య.

అహల్య చేట పక్కన పెట్టి లేచింది. “చాయ్ పెడ్త” అంటూ వంటింట్లోకి పోయింది. ఆ ఇంట్లో జవాబు లేని ప్రశ్నలన్నిటికీ ఆమె ఇచ్చే జవాబు అదే.

*

“కిషన్! గా పాన ఇటియ్యి.”

కిషన్ అంటే ఒకప్పుడు బాయిలో అనంతరామ్ కింద పనిచేసిన హెల్పరు. ఈమధ్య ఆయనకు కొడుకు మొహంలో కిషన్ కనిపిస్తున్నాడు. అలా పిలిచినప్పుడల్లా కౌండిన్య దిద్దుతాడు. “నేను కిషన్‌ను కాదు బాపు, కౌండిన్యను.” ఆ మాటతో పెద్దాయన మొహం చిన్నబోతుంది. పరీక్షలో తప్పు రాసిన పిల్లాడిలా కళ్లు దించుకుంటాడు. దిద్ది సాధించిందేమీ లేదని కౌండిన్యకూ తెలుసు. తెలిసినా ఊరుకోలేడు. కన్నతండ్రి తన పేరు మరిచిపోతుంటే ఎవరు ఊరుకుంటారు?

ఇవాళ దిద్దలేదు. ఇంకో రెండు గంటల్లో స్కూటరు పోతుంది. ఈ ఒక్క పూట ఎవడైతేనేం అనుకున్నాడు.

“ఇగో సార్” అని పాన అందించాడు.

కిటికీలోంచి మనీష భర్తవైపు చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు.

“బండి స్టార్టు అయితలేదు. మొదాలు ఏం చూడాలె?” అనంతరామ్ అడిగాడు. గొంతులో తడబాటు లేదు.

“పెట్రోలా సార్?”

“గది పొద్దుగాలనే చూసిన. ఉన్నది. మొదాలు ప్లగ్గు. పాతదాన్ని ఎంత గీకినా నమ్మొద్దు, కొత్తది పెట్టి చూడాలె. ఇగో, వైరుకు తగిలియ్యి. ఇంజను ఇనుముకు గట్టిగ ఆనిచ్చి పట్టు. గాలిల ఇడిసిపెడితె స్పార్కు పుట్టిచ్చే నల్ల డబ్బా కాలుతది. ఎలుగుల స్పార్కు కానరాదు.”

భుజం మీది తువ్వాల తీసి ప్లగ్గు మీద గొడుగులా పట్టాడు. కౌండిన్య ఒక చేత్తో ప్లగ్గు ఆనించి, రెండో చేత్తో కిక్కు నొక్కాడు. తండ్రీ కొడుకుల తలలు రెండూ తువ్వాల కింద దూరాయి. చీకటి తప్ప ఏమీ కనిపించలేదు.

“రాలే సార్.”

“రాకపోతె ఫికర్ లేదు. ప్లగ్గు తప్పు కాదని తెలిసింది గద. అదీ పనే. ఇప్పుడు ప్లగ్గు టోపీ పీకెయ్యి. వైరు కొసనే ఇనుముకు దగ్గర పెట్టు. ఆనియ్యకు, జర ఎడం ఉండాలె. రబ్బరు మీద పట్టు, వైరును ముట్టకు.”

అదీ చూశారు. రాలేదు.

“అంటే టోపీ గూడ తప్పు కాదు” అన్నాడు కౌండిన్య, తనకు తెలియకుండానే.

“శాబాష్.”

ఆ మాట విని ఎన్నాళ్లయింది! ఇంటరులో మార్కులు వచ్చినప్పుడు కూడా తండ్రి తల ఊపాడే గాని శాబాష్ అనలేదు. ఇప్పుడు అన్నాడు. అదీ కిషన్‌కు.

సరిగ్గా అప్పుడే అహల్య చాయ్ గ్లాసులు పట్టుకుని వచ్చింది.

“చాయ్ చల్లారుతది. తాగి చేసుకోండ్రి.”

అనంతరామ్ చెయ్యి ఆగింది. పాన కింద పెట్టి గ్లాసు కోసం చూశాడు. కిటికీ దగ్గర మనీష మడతపెట్టడం ఆపి చూసింది. ఈ వారమంతా ఆమె చూస్తున్నది ఇదే. మామయ్య ప్లగ్గు టోపీ పీకి చూసేదాకా వస్తాడు. అత్తమ్మ చాయ్ తెస్తుంది. చాయ్ తాగాక ఆయన ప్లగ్గు చేతిలోకి తీసుకుని, “మొదాలు ప్లగ్గు చూడాలె” అంటాడు. మళ్లీ మొదటికి.

“చాయ్ తర్వాత అమ్మా” అన్నాడు కౌండిన్య. “సార్, ప్లగ్గు చూసినం, టోపీ చూసినం. తర్వాత ఏంది?”

“తర్వాత...” అనంతరామ్ కళ్లు గ్లాసు మీదికి పోయాయి, కొడుకు మీదికి వచ్చాయి. “తర్వాత...”

“పోనీయ్ రా, తాగనీ” అంది అహల్య.

“ఆగమ్మా! సార్, టోపీ తర్వాత ఏంది?”

“తర్వాత నల్ల డబ్బా.” దొరికింది ఆయనకు. మొహం విప్పారింది. “డబ్బాకు పచ్చ తీగ ఒకటి ఉంటది చూడు. గది నడిపే తీగ కాదురా, ఆపే తీగ. తాళం బందు చేస్తె గా తీగ బండి బాడీకి కలుస్తది. ఇంజను ఆగుతది. గది ఏడనన్న బాడీకి తగులుతున్నదనుకో, తాళం ఏసినా తీసినా ఒకటే. స్పార్కు చస్తే రాదు. డబ్బా కాడ పచ్చదాన్ని గుంజి చూడు.”

“వద్దు కౌండిన్యా” అంది అహల్య.

కౌండిన్యకు వినిపించలేదు. పచ్చ తీగ గుంజాడు. టోపీ తగిలించి ప్లగ్గు మళ్లీ ఇనుముకు ఆనించాడు. తువ్వాల కప్పారు. కిక్కు.

టక్‌మని నీలంగా మెరిసింది. ఇంకో కిక్కు. మళ్లీ మెరిసింది.

తువ్వాల కింద అనంతరామ్ పకపకా నవ్వాడు. “చూసినవారా! బాయిల ఉన్నన్ని దినాలు గింత స్పార్కు గూడ రావద్దని దేవునికి మొక్కిన. అండ్ల గ్యాసు ఉంటది, ఒక్క నిప్పురవ్వకు వందమంది పోతరు. గిప్పుడు గిదే స్పార్కు కోసం పానం పోతున్నది!”

ఇది కౌండిన్య తండ్రి నవ్వే. పండుగలకూ పబ్బాలకూ కాదు, పని కుదిరినప్పుడు మాత్రమే వచ్చే నవ్వు. ఆ తువ్వాల కింద జబ్బు లేదు, డాక్టరు లేడు, ట్రాలీ లేదు. కౌండిన్య భూపాల్‌ను పూర్తిగా మరిచిపోయాడు. ఇంకో పది కిక్కులు కొట్టి, ఆ తువ్వాల కిందనే ఉండిపోవాలనిపించింది అతనికి.

“అంటే డబ్బా మంచిదే. దోషం పచ్చ తీగలనే ఉన్నది. ఎంబడి పో, ఏడ తగులుతున్నదో చూడు” అన్నాడు అనంతరామ్.

తీగ వెంబడి పోయాడు. ఎక్కువ దూరం పోనక్కరలేకపోయింది. తీగలన్నీ కలిసే చిన్న డబ్బా మూత విప్పితే, పచ్చ తీగకు చిన్న తీగముక్క ఒకటి చుట్టి ఉంది. దాని రెండో కొస ఇనుప బోల్టు కింద బిగించి ఉంది. పైన నల్ల టేపు.

అనంతరామ్ కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

“ఇది ఒరుసుకపోయింది కాదు, తెగింది కాదు. కట్టిన్రు. టేపు చూడు, చుట్టు మీద సగం చుట్టు ఎక్కింది. నీళ్లు గూడ దూరయి.” గొంతులో గర్వం. “నా దగ్గర పని నేర్చినోడేరా ఇది కట్టింది.”

కౌండిన్య మెల్లగా తల ఎత్తాడు. తండ్రి దగ్గర పని నేర్చినవాళ్లు ఈ కాలనీలో ఇప్పుడెవరూ లేరు. ప్రతి ఆదివారం ఆయన ఈ స్కూటరు విప్పితే, పక్కన టార్చిలైటు పట్టుకుని కూర్చున్న మనిషి మాత్రం ఒకరున్నారు. పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టి, మొన్నమొన్నటిదాకా పట్టింది.

“అమ్మా?”

అహల్య చేతిలో చాయ్ గ్లాసులు అలాగే ఉన్నాయి.

“నేనే కట్టిన.”

*

దూరంగా ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు జరిగింది. కిటికీ అద్దాలు జల్లుమన్నాయి.

“దేవుడు ఆపిండనుకున్న నేను” అన్నాడు కౌండిన్య. “నువ్వా?”

“దేవుడు ఆపుతడని ఎదురుచూసుకుంట కూసుంటె ఎట్ల?”

“వారం సంది ఆయన ఎండకు ఎండుకుంట, చేతులు కోసుకుంట దీంతోని కొట్లాడుతుంటె చూసుకుంట ఊకున్నవా? సరిగ్గ దొరికే యాళ్లకు చాయ్ తెచ్చి మరిపిచ్చినవా?”

“అవ్ను, మరిపిచ్చిన.” అహల్య గొంతు పెరగలేదు. “దొరికితె పోతడు. పోతె రాడు. తాళంచెవి దాస్తివి, నడుసుకుంట పోయె. స్కూటరే అమ్ముతె ఎటు పోతడో నువ్వే చెప్పు. దీంట్ల పనున్నన్ని దినాలు గీ చెట్టు కిందనే ఉంటడు. నా కండ్ల ముంగట ఉంటడు. గంతే గావాలె నాకు. తప్పా?”

“తప్పే!”

కౌండిన్య లేచి నిలబడ్డాడు. చేతుల నిండా గ్రీజు.

“నువ్వు జూడలేదా ఇప్పుడు? ఒక్కటి ఎనుక ఒక్కటి ఎట్ల చెప్పిండో! ఆయన బుర్రల ఇంక దీపం ఉన్నదమ్మా. రోజు ముట్టిచ్చుకుంటున్నడు. రోజు నువ్వే ఆర్పినవ్.”

అనకూడని మాట. అన్నాక తెలిసింది అతనికి. మనీష గబగబా బయటికి వచ్చి, “ఏం మాటలయి? ఊకోండ్రి!” అంది. అయినా నోరుజారిన మాటను ఎవరు వెనక్కి తేగలరు?

అహల్య గ్లాసులు గట్టు మీద పెట్టింది. మెట్టు మీద కూలబడింది. ఇంత కాపురంలో ఆమె భర్తను మోసం చేసింది ఇదొక్కటే. అది కూడా ఆయన నేర్పిన పనితోనే. రోజూ చాయ్ గ్లాసు అందించేటప్పుడు ఆయన కళ్లలోని వెలుగు చల్లారడం ఆమె చూడలేదా? చూసింది. చూసి, గుండె రాయి చేసుకుని అందించింది. కొడుకు ఆ సంగతి కనిపెట్టడమే ఇప్పుడు కొత్త.

ఈ గొడవ ఏదీ అనంతరామ్ చెవికి ఎక్కలేదు. ఆయన స్కూటరు చుట్టూ తిరుగుతూ దేనికోసమో వెతుకుతున్నాడు.

“బిళ్ల ఏది?” అన్నాడు.

“ఏం బిళ్ల బాపు?” కౌండిన్య కిషన్ వేషం మరిచిపోయాడు.

“కరెంటు లైను బందుపెట్టి భూమికి కట్టినోడు తన నంబరు బిళ్ల తగిలిచ్చి పోవాల్నా వద్దా? బిళ్ల ఉన్నదంటె మనిషి లోపట పనిల ఉన్నట్టు. ఆయన వచ్చి ఆయన చేతులతోనే తియ్యాలె. మేనేజరొచ్చినా ముట్టొద్దు. బిళ్ల లేకుంట కట్టినోడెవడు? పానాలతోని ఆటలా?”

నాలుగు పక్కలా చూసి, తనలో తాను తీర్పు చెప్పుకున్నాడు.

“బిళ్ల లేదంటె లోపట మనిషి లేనట్టే. ఇప్పేసెయ్యి కిషన్. జల్ది కిక్కు కొట్టు, షిఫ్టుకు యాళ్లయితున్నది.”

గోడకు తగిలించిన బాయి టోపీ అప్పుడే ఆయన చేతిలోకి వచ్చింది. పచ్చ తీగ డబ్బా నుంచి ఊడే ఉంది. ప్లగ్గు బిగిస్తే చాలు, ఒక్క కిక్కుకు స్టార్టవుతుంది. అలా స్టార్టయితే మళ్లీ తాళంచెవి తిప్పినా ఆగదు. కౌండిన్య ప్లగ్గు గుప్పిట్లో దాచుకున్నాడు. ఇంతసేపూ తండ్రి బుర్ర వెలగాలని తపించాడు. వెలిగింది. అది నేరుగా లారీల రోడ్డుకు దారి చూపిస్తోంది.

“కొట్టు రా!”

అహల్య లేచి లోపలికి ఉరికింది. దేవుడి గూట్లో కుంకుమ భరిణె వెనక గుడ్డలో చుట్టి పెట్టిన ఇత్తడి బిళ్ల తీసింది. అది అనంతరామ్‌దే. బాయిలో దిగేముందు ల్యాంప్ రూములో ఆ బిళ్ల ఇస్తేనే దీపం చేతికిచ్చేవారు. పైకి వచ్చి దీపం అప్పగిస్తేనే బిళ్ల తిరిగి వచ్చేది. షిఫ్టు ముగిశాక బోర్డు మీద బిళ్ల మిగిలిందంటే, ఆ నంబరు మనిషి ఇంకా కిందనే ఉన్నట్టు. రిటైరైన రోజున ల్యాంప్ రూము రాయమల్లు గుర్తుగా ఉండనీ అని ఆయన బిళ్ల ఆయన చేతిలో పెట్టాడు. ఆ రోజు అహల్య దానికి కుంకుమ బొట్టు పెట్టి, ఇక మా మనిషి పైకి వచ్చేశాడని దండం పెట్టుకుంది.

పరుగున వచ్చి ఆ బిళ్లను స్కూటరు హ్యాండిలుకు తగిలించింది.

అనంతరామ్ చేతులు చటుక్కున వెనక్కి పోయాయి. కాలుతున్న పెనం తగిలినట్టు జరిగాడు. టోపీ మళ్లీ గోడకు పెట్టాడు. కొడుకు పేరు పోయింది, బాయి మూతపడ్డ సంగతి పోయింది, ఇది మాత్రం పోలేదు.

“ఉన్నడు” అన్నాడు మెల్లగా. “లోపట మనిషి ఉన్నడు.”

కాలనీ మలుపులో ట్రాలీ చప్పుడైంది. భూపాల్ దిగి, “ఏమన్నా కౌండిన్యా, తయారేనా?” అంటూ నేరుగా వచ్చి స్కూటరు హ్యాండిలు మీద చెయ్యి వేశాడు.

“ముట్టకు!”

ఆ అరుపుకు భూపాల్ రెండడుగులు వెనక్కి వేశాడు. అనంతరామ్ రెండు చేతులూ చాచి స్కూటరుకు అడ్డంగా నిలబడ్డాడు. “కండ్లు లేవా? బిళ్ల కానస్తలేదా? మనిషి పైకి రావాలె, ఆయనే తియ్యాలె. గప్పటిదాక ఎవ్వడు ముట్టినా ఊకోను!”

భూపాల్ అయోమయంగా కౌండిన్యను చూశాడు.

“ఇయ్యాల కాదన్నా” అన్నాడు కౌండిన్య. “పో. నేను ఫోన్ చేస్త.”

“మల్ల ఎప్పుడు?”

ట్రాలీ ఖాళీగా తిరిగిపోయింది.

అనంతరామ్ కళ్లద్దాలు సవరించుకుని బిళ్ల మీది నంబరు చదివాడు. వేలితో తడిమి మళ్లీ చదివాడు. జీవితమంతా ఆ నంబరుతోనే ఆయన కిందికి దిగాడు, ఆ నంబరుతోనే పైకి వచ్చాడు.

“ఎవల్దో ఇది... యాదికొస్తలేదు” అన్నాడు. “షిఫ్టు ఎప్పుడో అయిపోయింది. ఈయన ఒక్కడే పైకి రాలే.”

కౌండిన్య మొహం పక్కకు తిప్పుకున్నాడు. మనీష కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“పాపం, ఇంటోళ్లకు చెప్పిన్రా?”

“చెప్పిన్రు” అంది అహల్య. “తెలుసు వాళ్లకు. ఎదురుచూస్తున్నరు.”

“మంచిది. మనం గూడ ఉండాలె. ఒక్కళ్లనే ఇడిసిపెట్టి పోవద్దు.” ఆయన వచ్చి మెట్టు మీద అహల్య పక్కన, జరంత ఎడంగా, పరాయి ఆడమనిషి పక్కన కూర్చున్నంత మర్యాదగా కూర్చున్నాడు. కొంతసేపు ఆమె మొహంలోకి చూశాడు. ఆ మొహంలోని దుఃఖం చూసి ఆయనకు జాలి కలిగింది.

“ఆయన నీకేమైతడమ్మా?” అని అడిగాడు.

అహల్య చెయ్యి చాచి, గట్టు మీది చల్లారిన చాయ్ గ్లాసు తీసి ఆయన చేతికి ఇచ్చింది.

ఈసారి కౌండిన్య వద్దనలేదు.